హైదరాబాదు పోరు కాగితాలు: వాడకు రాసిచ్చిన ప్రోనోట్లు

చరిత్ర కాగితాల మీద ఉంటుందని మనకు చెప్తూ వచ్చారు. ఆ కాగితాలు ఎవరి బీరువాల్లో భద్రంగా ఉన్నాయో, ఎవరి గుడిసెల్లో చెదలు తిన్నాయో మాత్రం చెప్పలేదు. యుద్ధకాలంలో అచ్చయిన ఉపన్యాసాలు, కరపత్రాలు, గోడపత్రికల సంగతి చూస్తే ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది. ఇవి గ్రంథాలయాల కోసం పుట్టిన పుస్తకాలు కావు. నాలుగు రోజులు బతకడానికి పుట్టిన కాగితాలు. చదివినోడు మడిచి జేబులో పెట్టుకుంటాడు, లేదా పోలీసులొస్తారని పొయ్యిలో వేస్తాడు. అలాంటి కాగితం డెబ్బై ఎనభై ఏళ్లు మిగలాలంటే తడవని ఇల్లుండాలి, పెట్టె ఉండాలి, అది విలువైనదని చెప్పే మనిషుండాలి. ఈ మూడూ ఏ కులాలకున్నాయి, ఏ కులాలకు లేవు అన్న దగ్గర్నించే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం.

మేం ఉండేది శాంతిపురంలో. కుప్పం పక్కన, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే మూల. ఇక్కడ కూర్చుని 1946–51 నాటి హైదరాబాదు సంస్థానం గొడవ మీకెందుకని అడిగినవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. ఆ రోజుల్లో మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఇక్కడికి రజాకార్లు రాలేదు, దళాలూ తిరగలేదు. అయితే మా వాడల్నించి పక్కనే ఉన్న కోలారు బంగారు గనులకు తరతరాలుగా కూలికి పోయారు. బెంగళూరులో కేంద్రమున్న మద్రాసు శాపర్స్ పటాలంలో చేరినవాళ్లూ ఉన్నారు. గని, పటాలం – మావాళ్లలో చాలామందికి అచ్చు కాగితం చేతికందింది ఈ రెండు చోట్లే. ఆ గనులు 2001లో మూతబడ్డాయి. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని మేం వాడల్లో అడుగుతూ తిరిగినప్పుడు ఒక పెద్దమ్మ అన్నది: "మా నాయన గని నించి కాగితాలు తెచ్చి పెట్టె నిండా పెట్టుకోనుండె. ఆయన పోయినాక వానకు తడిసి ముద్దయిపాయె నాయనా. అవి పనికొచ్చేవని మాకెవురు జెప్పిరి?"

ఈ ప్రశ్న పట్టుకునే మేం హైదరాబాదు వైపు చూశాం. ఎందుకంటే ఇటీవలి చరిత్రలో తెలుగు నేల మీద అంతర్యుద్ధానికి బాగా దగ్గరగా వచ్చింది అదే. అందులో పాల్గొన్న ప్రతి పక్షమూ అచ్చును ఆయుధంగా వాడుకుంది. ప్రతి పక్షమూ వాడను తనవైపు పిలిచింది. మరి ఆ పిలుపుల కాగితాలు ఇవాళ ఎవరి దగ్గరున్నాయి?

ఒక యుద్ధం, అయిదు పేర్లు

సంగతులు క్లుప్తంగా చెప్పుకుందాం. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. వెట్టికీ, దేశముఖుల భూములకీ వ్యతిరేకంగా సాగుతున్న పోరాటం ఆ తర్వాత సాయుధమైంది. 1947 ఆగస్టు 15 తర్వాత నిజాం భారత యూనియన్లో చేరలేదు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దాడులు, ఎదురుదాడులు పెరిగాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 మధ్య అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు తొక్కిపెట్టింది. కమ్యూనిస్టు దళాల పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. అందులో చనిపోయిన కార్యకర్తలు, రైతులు నాలుగు వేలమందని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు.

దీన్ని ప్రభుత్వం 'పోలీసు చర్య' అన్నది. ఇతరులు తమ తమ రాజకీయాలను బట్టి సాయుధ పోరాటమనీ, విమోచన అనీ, విలీనమనీ, విద్రోహమనీ అన్నారు. 2022లో కేంద్రం సెప్టెంబరు 17ని విమోచన దినంగా జరిపితే, అదే రోజును రాష్ట్రం సమైక్యతా దినమన్నది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలనా దినోత్సవమన్నది. పేరు మీద తగువు ఇంకా తెగలేదు. కానీ ఈ పేర్లలో ఏదీ వాడ పెట్టిన పేరు కాదని గమనించాలి.

వాడను పిలిచిన కాగితాలు

అప్పటి అచ్చు సరంజామా ఎలాంటిదో చూద్దాం. హైదరాబాదులో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పత్రికలుండేవి. సురవరం ప్రతాపరెడ్డి 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక, అడివి బాపిరాజు సంపాదకుడిగా నడిచిన తెలుగు మీజాన్ అందులోవే. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలన్న 'గస్తీ నిషాన్ తిర్పన్' అనే ఉత్తర్వు చాలాకాలం గొంతు నొక్కింది. రజాకార్లను విమర్శిస్తూ రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. కాబట్టి సంస్థానానికి వ్యతిరేకమైన తెలుగు కరపత్రాలు, చిన్న పుస్తకాలు ఎక్కువగా సరిహద్దు దాటి మద్రాసు రాష్ట్రంలోని బెజవాడ వైపు నుంచి వచ్చేవి. సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' 1946లో వచ్చిందే. అటు భారత ప్రభుత్వం 1948లో హైదరాబాదు మీద శ్వేతపత్రం అచ్చు వేసింది. యుద్ధమంటే తుపాకులే కాదు, అచ్చుయంత్రాలు కూడా.

ఈ కాగితాలన్నిటికీ ఒక పోలిక ఉంది. ప్రతిదీ తానే అసలైన దేశభక్తి అన్నది. 'దేశం' మాత్రం ఒక్కోదానిలో ఒక్కోటి – ఒకచోట దక్కను, ఒకచోట భారత్, ఒకచోట విశాలాంధ్ర. ఇంకో పోలిక కూడా ఉంది. వాడ లేకుండా ఎవరికీ సంఖ్య చాలదు. అందుకే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మతంలో సమానత్వం చూపింది. ఆర్యసమాజం శుద్ధి చూపింది. కాంగ్రెసు హరిజనోద్ధరణ చూపింది. కమ్యూనిస్టులు వెట్టి రద్దు, భూమి చూపారు. నిజాం ప్రభుత్వం దళితుల చదువు, సంక్షేమం కోసం కోటి రూపాయల నిధి చూపింది.

మా దృష్టిలో యుద్ధకాలపు కరపత్రం ప్రోనోటు లాంటిది. కష్టమొచ్చినప్పుడు పెద్దకులాలు, ప్రభుత్వాలు, పార్టీలు వాడ దగ్గర ప్రాణాలను అప్పు తీసుకున్నాయి. బదులుగా ఏమిస్తామో కాగితం మీద రాసిచ్చాయి. పని అయిపోయాక అప్పు తీసుకున్నోడు ప్రోనోటు కనబడకుండా పోతే బాగుండుననుకుంటాడు. అప్పిచ్చినోడు దాన్ని దాచుకోవాలి. మనం దాచుకోలేదు. దాచుకునే వీలు మనకివ్వలేదు. ఇప్పుడు ఆ కాగితాలు వెతకడమంటే పాత వస్తువుల సరదా కాదు, బాకీ లెక్క తీయడం.

భూమి సంగతే చూడండి. దళాల ప్రాంతంలో సుమారు మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని సుందరయ్య రాశారు. అది చిన్న విషయం కాదు. కానీ భూస్వామి దగ్గర ఎంత భూమి ఉండనివ్వాలన్న దానికి పార్టీ మొదట పెట్టిన హద్దు 500 ఎకరాలు. తర్వాత తగ్గిస్తూ వచ్చారు. అయిదొందల ఎకరాల హద్దు వాడలో పుట్టే ఆలోచన కాదు. 1948 సెప్టెంబరు తర్వాత సైన్యం వెనకాలే దేశముఖులు ఊళ్లకు తిరిగొచ్చారు, పంచిన భూములు చాలాచోట్ల తిరిగి లాక్కున్నారు. భగేలా జీతగాళ్ల మీద నిజాం ప్రభుత్వం 1936లోనే చట్టం చేసింది, అయినా జీతం బతుకు పోలేదు. అప్పటి మాట ఎంత, ఆచరణ ఎంత అని కొలవాలంటే మాట ఇచ్చిన కాగితం చేతిలో ఉండాలి గదా!

వాడ రాసిన కాగితాలు

అయితే దళితులు కరపత్రాలు అందుకున్నవాళ్లు మాత్రమే కాదు, వేసినవాళ్లు కూడా. ఇది మన చరిత్రకారులు ఎక్కువగా వదిలేసిన సంగతి. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు, 1911లో మన్యసంఘం నడిపారు, 1917లో బెజవాడ ఆది ఆంధ్ర సభకు అధ్యక్షత వహించారు, 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. 1939లో ఆయన పోయేనాటికే నగరంలో చదువుకున్న దళితుల తరం ఒకటి తయారైంది. యుద్ధకాలంలో సభల అధ్యక్షోపన్యాసాలు, తీర్మానాలు, మహజర్లు తయారుచేసింది ఈ తరమే.

ఈ తరం ఒక్కతాటి మీద లేదు. డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్ నాయకుడు బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యారు. బి. శ్యాంసుందర్ 1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ముందుకు పోయిన హైదరాబాదు ప్రతినిధి వర్గంలో సభ్యుడు. అప్పుడు భద్రతామండలి పారిస్‌లో కూర్చుంది. ఇటు జె.హెచ్. సుబ్బయ్య నాయకత్వంలోని షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ అంబేద్కర్ బాటలో నడిచింది. 1947 నవంబరు చివర అంబేద్కర్ ఒక ప్రకటన చేశారు. హైదరాబాదు షెడ్యూల్డ్ కులాలవాళ్లు నిజాం పక్షం చేరొద్దనీ, భారతదేశానికి శత్రువైనవాడితో కలిసి జాతికి చెడ్డపేరు తేవద్దనీ దాని సారాంశం. ఊళ్లల్లో మాలమాదిగలు దళాల్లో ఉన్నారు, రజాకార్లలోనూ ఉన్నారు, రెంటికీ చిక్కకుండా పొలాలు విడిచి పారిపోయినవాళ్లూ ఉన్నారు.

ఈ కాగితాలు కొంతైనా మనకు దక్కాయంటే పి.ఆర్. వెంకటస్వామి పుణ్యం. ఉద్యమంలో కార్యకర్తగా పనిచేసిన ఈ మనిషి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అని రెండు సంపుటాలు ఇంగ్లీషులో అచ్చు వేశారు. సంస్థానంలో దళిత సంఘాల పుట్టుక, చీలికలు, సభలు, తీర్మానాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ అందులో పోగుచేశారు. స్నేహితుల తప్పులు కూడా దాచలేదు. చాలాకాలం ఆ పుస్తకం దొరకడమే గగనమైంది. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ మళ్లీ అచ్చు వేసింది. ఏ విశ్వవిద్యాలయమూ అడక్కుండానే ఒక కార్యకర్త చేసిన పని అది.

దాచేద్దామా?

ఇక్కడ మాలో మాకే ఒక తగువు వచ్చింది. దాన్ని పాఠకుల ముందు పెట్టడం బాధ్యత అనుకుంటున్నాం. నిజాం కొలువులో చేరిన దళిత నాయకుల ఉపన్యాసాలు బయటపెడితే ఏమవుతుంది? 'చూశారా, వీళ్లు రజాకార్ల తోకలు' అనే నోళ్లు రెడీగా ఉన్నాయి. మాలో కొందరు ఆ కాగితాలు ఇప్పుడే వద్దన్నారు. చాలా చర్చ తర్వాత మేం వచ్చిన నిర్ణయం వేరు. అవే ముందు పోగుచెయ్యాలి.

కారణం చెప్తాం. తోక ఊపేవాడికి షరతులుండవు. ఒకవైపు మంత్రి పదవి, చదువుల నిధి అడిగి తీసుకున్నవాళ్లు. ఇంకోవైపు అంబేద్కర్ మాట విని దాన్ని కాదన్నవాళ్లు. ఇద్దరూ ఒకే ప్రశ్న వేసుకున్నారు: ఈ మారే రాజ్యంలో మనవాళ్లకేం దక్కుతుంది? జవాబులు వేరయ్యాయి. అందులో ఒక జవాబు తప్పని మనం అనొచ్చు. తప్పు చెయ్యగలిగినోడే రాజకీయ మనిషి. తప్పు చేసే హక్కు కూడా మనకు లేదన్నట్టు చరిత్ర రాస్తే, మళ్లీ మనల్ని గుంపుగానే చూపించినట్టవుతుంది. శ్యాంసుందర్ 1968లో భీమసేన పెట్టారు. 1948 కాగితాలు దాచేస్తే 1968 మనిషి కూడా మనకు అర్థం కాడు.

అమెరికా నల్లవాళ్ల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి అంతర్యుద్ధంలో 1863 మార్చిలో ఫ్రెడరిక్ డగ్లస్ నల్లవాళ్లను సైన్యంలో చేరమని పిలుపు అచ్చు వేశాడు. తెల్ల సైనికులతో సమానంగా జీతం, తిండి ఇస్తారని అందులో హామీ ఇచ్చాడు. సుమారు లక్షా ఎనభైవేలమంది నల్లవాళ్లు చేరారు. తీరా చేరాక తెల్లవాడికి నెలకు 13 డాలర్లు, నల్లవాడికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకని మూడు కోత. పోరాడి పోరాడి 1864లో సమాన జీతానికి చట్టం తెచ్చుకున్నారు. డగ్లస్ కాగితం మిగిలింది కాబట్టే మాట ఎంత, చేత ఎంత అని ఇవాళ కూడా లెక్కగట్టగలుగుతున్నారు. నల్లవాళ్లకు చరిత్ర లేదని బడిలో టీచరు అన్నదన్న కసితో ఆర్టురో షాంబర్గ్ జీవితమంతా వాళ్ల అచ్చు కాగితాలు పోగుచేశాడని చెప్పుకుంటారు. 1926లో ఆ సేకరణను న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి పదివేల డాలర్లకు కొన్నారు. ఆయన గుమాస్తా ఉద్యోగం చేసుకుని బతికినవాడే, జమీందారు కాదు.

కాగితాన్ని ఎలా చదవాలి

ఈ పనిలోకి దిగే కుర్రవాళ్ల కోసం నాలుగు మాటలు.

మొదటిది, కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు. బ్రిటిషిండియాలో 1867 చట్టం ప్రకారం ముద్రాపకుడి పేరు, ప్రెస్సు ఊరు, ప్రచురణకర్త పేరు వెయ్యాలి. అవి ఉంటే ఎక్కణ్ణించి వచ్చిందో తెలుస్తుంది. లేకపోతే రహస్యంగా వేశారేమో ఆలోచించాలి. లేకపోవడం కూడా సాక్ష్యమే.

రెండోది, తేదీ. సంస్థానం కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. ఇది తెలియక ఏడాది అటూ ఇటూ రాసేస్తే సైన్యం రాకముందు కాగితం వచ్చాక రాసిందైపోతుంది, అర్థమే తలకిందులవుతుంది. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలంలో జార్జి థామసన్ అనే లండన్ పుస్తకాల వ్యాపారి 1640 నుంచి 1661 దాకా సుమారు 22,000 కరపత్రాలు, పత్రికలు పోగుచేశాడు. వాటిలో చాలావాటి మీద అవి చేతికందిన తేదీ స్వయంగా రాసుకున్నాడు. ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ సేకరణకు అంత విలువ రావడానికి ఆ తేదీలు పెద్ద కారణం. మనం కూడా ఎక్కడ, ఎప్పుడు, ఏ వాడలో దొరికిందో విడి చీటీ మీద రాసి జతచెయ్యాలి. అసలు కాగితం మీద మాత్రం ఏమీ రాయొద్దు, గోందు పూయొద్దు.

మూడోది, వెల. సంస్థానంలో హాలీ రూపాయి, బయట కల్దారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. వెల ఏ నాణెంలో ఉందో చూస్తే ఆ పుస్తకం ఎవరు కొంటారనుకున్నారో తెలుస్తుంది.

నాలుగోది, అచ్చయిన ఉపన్యాసం పలికిన ఉపన్యాసం కాదు. 1948 వసంతంలో ఖాసిం రజ్వీ చేశాడని భారత పత్రికల్లో వచ్చిన ఒక ఉపన్యాసం యుద్ధజ్వరాన్ని బాగా పెంచింది. అలా మాట్లాడలేదని హైదరాబాదు ప్రభుత్వం ఖండించింది. మనం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి. ఒకటే దొరికితే ఒకటే దొరికిందని రాయాలి. ద్వేషం నింపిన కాగితాన్ని కూడా పోగుచెయ్యాల్సిందే, కానీ దాన్ని సాక్ష్యంగానే చూపాలి, జెండాగా ఎత్తకూడదు. సుందర్‌లాల్ నివేదికను తొక్కిపెట్టిన రాజ్యం ఎన్ని శవాలను మరుగుపరిచిందో మరిచిపోవద్దు.

వీటన్నిటికీ తోడు నోటిమాట. సంస్థానంలో నూటికి పదిమందికి కూడా చదువు రాని రోజులవి. కరపత్రాన్ని ఒకరు చదివితే చుట్టూ చేరి వినేవాళ్లు. బండి యాదగిరి, సుద్దాల హనుమంతు పాటలు ఊరూరా నోళ్ల మీద నడిచాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల మాటలు రికార్డు చేసి అచ్చు వేసింది. నాయకుల పుస్తకాల్లో లేని పోరాటం అందులో కనబడింది. వాడల్లోనూ అలా జరగాల్సింది చాలా మిగిలే ఉంది. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లవాళ్లు. కాగితం ఆర్కైవ్స్‌లో పదేళ్ల తర్వాత కూడా దొరకొచ్చు. మనిషి దొరకడు.

మళ్లీ మా శాంతిపురానికొస్తే, మేం పోగుచేసింది కొంచెమే. గని కార్మికుల సంఘాల రసీదులు, పటాలం డిశ్చార్జి కాగితాలు, సగం చినిగిన సభల నోటీసులు. హైదరాబాదు కాగితాల్లో మేం జిరాక్సు తీయించుకున్నవి వాటి పక్కన పెట్టాం. వేరువేరు రాజ్యాల కాగితాలు, కానీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ మనల్ని పిలిచిన గొంతు ఒకేలా ఉంది: రండి, ఇది మీ దేశం, మీ యుద్ధం. పని అయ్యాక ఆ గొంతే మనల్ని వాడకు పొమ్మన్నది.

ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. అవి పనికొచ్చేవని చెప్పాల్సింది ఎవరు? చదువుకున్న మనమే. ఆలస్యంగానైనా చెప్తున్నాం. మీ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో, పాత మంచాల కింద అచ్చు కాగితమేదైనా ఉంటే పారేయొద్దు. అది ఏ పార్టీదైనా, ఏ మతందైనా, మన నాయకుడికి పొగడ్తయినా తెగడ్తయినా సరే. మన ముందుతరం ప్రాణాలు పెట్టి కొన్న ప్రోనోటు అది. అసలూ వడ్డీ ఎంతో లెక్క తేలేదాకా దాన్ని దాచుకోవాలి.